పన్ను పీకించుకునే ముందు

ముఖంలో నొప్పి మొదలైతే చీపురుపల్లిలో మనిషి ముందు వెళ్లేది మందుల షాపుకి. రెండు రోజులకి సరిపడా మాత్రలు తెచ్చుకుంటాడు. తగ్గకపోతే ఆర్‌ఎంపీ దగ్గర సూది. మళ్లీ లేస్తే పళ్ల డాక్టరు. అక్కడా తేలకపోతే పాసింజరెక్కి విజయనగరం వెళ్లి చెవి, ముక్కు, గొంతు డాక్టరుకి చూపించుకోవడం, ఆ తర్వాత విశాఖపట్నంలో తలకి స్కానింగు. ఈ తిరుగుడులో పోయిన డబ్బూ కూలీ మళ్లీ సంపాదించుకోవచ్చు. మధ్యలో పీకించుకున్న మంచి పళ్లే తిరిగి రావు.

పళ్ల డాక్టర్ల మీద నేరం మోపడానికి ఇది రాయడం లేదు. రోగి కుర్చీలో కూర్చుని ఒక పన్ను మీద వేలు పెట్టి ‘ఇదే, పీకెయ్యండి’ అని పట్టుబడితే వద్దని ఒప్పించడం ఎంత కష్టమో వాళ్లకే తెలుసు. పైగా పీకించుకున్నాక కొన్నాళ్లు హాయిగానే ఉంటుంది. విడతలు విడతలుగా వచ్చే నొప్పి ఎలాగూ మధ్యమధ్యలో తెరిపిస్తుంది కదా, ఆ తెరిపిని పన్ను ఖాతాలో వేసుకుంటాం. తర్వాత నొప్పి పక్క పన్ను దగ్గర తేలుతుంది. అప్పుడు దాని వంతు.

ముఖం, నోరు, దవడ నొప్పుల్లో జబ్బు పేరు తేల్చేది చాలావరకు రోగి చెప్పే వివరమే. ఎక్కడ నొప్పో అందరూ చెబుతారు. వస్తే ఎంతసేపు ఉంటోంది, దేనికి లేస్తోంది, వెంట ఏమేం వస్తున్నాయి అన్న మూడు సంగతులూ తడుముకోకుండా చెప్పేవాళ్లు తక్కువ. మైగ్రేన్‌ని పట్టిచ్చే రక్తపరీక్ష లేదు, ఎక్స్‌రే లేదు. స్కానింగులో ఏమీ లేదని రాగానే తమ నొప్పి అబద్ధమని తేలిపోయినట్టు చిన్నబుచ్చుకునేవాళ్లున్నారు. స్కానింగు చెప్పేది గడ్డలూ రక్తస్రావాలూ లేవనే. మిగతా కథ మీ నోటి నుంచే రావాలి. అంత సరిగ్గా చెప్పడం నేర్చుకుంటే వచ్చేదే.

ఇంత గందరగోళం ఎందుకంటే, నుదురు, కన్ను, చెంప, పై పళ్లు, కింది పళ్లు, దవడ, మెదడు మీది పొర, వీటన్నిటి నొప్పినీ మోసుకెళ్లేది ప్రధానంగా ఒకే నాడి. పేరు ట్రైజెమినల్. కుడికొకటి, ఎడమకొకటి, ఒక్కోదానికి మూడేసి కొమ్మలు. మెదడు కింది భాగంలో అది దిగే చోటుకే మెడ పైభాగం నరాలూ వచ్చి చేరతాయి. విజయనగరం జంక్షన్ ప్లాట్‌ఫారం మీద నిలబడ్డ మనిషిని చూసి, రాయపూర్ లైన్లో వచ్చాడో, పలాస వైపు నుంచి వచ్చాడో చెప్పగలమా? మెదడు పరిస్థితీ అంతే. కింది జ్ఞానదంతం పుచ్చితే చెవి పోటు అనిపిస్తుంది. మైగ్రేన్ పై పంట్లో తేలుతుంది. మెడ పట్టేస్తే నుదురు లాగుతుంది. కుడి పంటి నొప్పి ఎడమ వైపుకి దాటడం మాత్రం అరుదు. అందుకే నొప్పి రెండు వైపులా ఉందా, ఒకే వైపా అన్నది డాక్టరు అడక్కపోయినా చెప్పాలి.

ఒక మనిషిని ఊహించుకుందాం. గరివిడి దగ్గర పల్లె, నలభై దాటిన ఇల్లాలు. పళ్ల డాక్టరు దగ్గరికి వచ్చింది.

‘కుడేపు పైపన్ను బాబూ, పీకీండి.’

డాక్టరు పన్ను మీద చిన్న పనిముట్టుతో తట్టి చూశాడు. ఆవిడ ఏమీ అనలేదు. చల్లటి దూది ఆనించాడు, జిల్లుమని వెంటనే పోయింది. ఎక్స్‌రేలో వేరు బాగానే ఉంది.

‘నొప్పి వస్తే ఎంతసేపుంటుందమ్మా?’

‘పొద్దున లెగిస్తే రేతిరికి దిగుతాది. ఒక్కోపాలి మర్నాడు కూడాను.’

‘అప్పుడు పని చేసుకోగలుగుతున్నారా?’

‘ఏటి సేస్తాను బాబూ, తలుపేసీసి పడుకుంటాను. పోపు వాసన తగిల్తే కక్కొచ్చీస్తాది.’

‘నెలసరికీ దీనికీ ఏమైనా సంబంధం కనబడిందా?’

ఆవిడ కాసేపు ఆలోచించింది. ‘దానికి ముందే వస్తాది. నానెప్పుడూ అలా లెక్కెట్టుకోలేదు.’

పన్ను పీకాల్సిన పని లేదని తేలిపోయింది. అంతర్జాతీయ తలనొప్పుల సంఘం 2018లో అచ్చువేసిన మూడో వర్గీకరణలో మైగ్రేన్‌కి చెప్పిన గుర్తులు ఇవే: మందు వేయకపోతే 4 నుంచి 72 గంటలు ఉండటం; ఒకవైపే రావడం, తపతప కొట్టుకోవడం, మధ్యస్థంగానో తీవ్రంగానో ఉండటం, మెట్లెక్కినా నడిచినా పెరగడం అనే నాలుగింటిలో కనీసం రెండు ఉండటం; వికారమో వాంతో ఉండటం, లేదా వెలుతురూ చప్పుడూ రెండూ ఓర్చుకోలేకపోవడం. ఇలాంటి విడతలు కనీసం ఐదు వచ్చి ఉండాలి. ఇందులో ‘నుదుట్లోనే రావాలి’ అని ఎక్కడా లేదు. తలతో పాటు చెంపకీ దవడకీ పాకే మైగ్రేన్ ఉంది. కొద్దిమందికి తలని వదిలేసి ముఖంలోనే వస్తుంది. 2020లో నోరు, ముఖం నొప్పులకి విడిగా ఒక అంతర్జాతీయ వర్గీకరణ తెచ్చినప్పుడు ఈ ముఖపు మైగ్రేన్‌కి అందులో సొంత గది దొరికింది.

సైనస్ అని పేరుపెట్టుకుని ఏళ్ల తరబడి ఆవిరి పట్టుకునేవాళ్లు కూడా ఇక్కడే ఆగి ఆలోచించాలి. అమెరికాలో, తమకు సైనస్ తలనొప్పి అని నమ్మేవాళ్లని 2,991 మందిని పరీక్షించి 2004లో ఒక అధ్యయనం వెలువరించారు. వాళ్లలో 88 శాతం మందికి మైగ్రేన్ తరహా నొప్పే తేలింది. మైగ్రేన్‌లో కూడా ముక్కు దిబ్బడ వేయొచ్చు, కళ్లు నీళ్లు కారొచ్చు. అందుకే ఈ పొరపాటు. అసలు సైనస్ చీము పడితే ముక్కులోంచి చిక్కటి పచ్చటి చీమిడి, వాసన తెలియకపోవడం, తరచు జ్వరం ఉంటాయి. నెలకి మూడుసార్లు వచ్చి మూడుసార్లూ ఒక్కరోజులో తగ్గిపోయే సైనస్‌ని నేనైతే నమ్మను.

ఇక ట్రైజెమినల్ న్యూరాల్జియా. ఇది పూర్తిగా వేరే రకం, ఎక్కువగా యాభై దాటినవాళ్లకి, మగవాళ్లకంటే ఆడవాళ్లకి వస్తుంది. పళ్లు అనవసరంగా పోగొట్టుకునేది ఎక్కువగా వీళ్లే అని నా అనుమానం. కరెంటు షాకు తగిలినట్టు వస్తుంది, లిప్తపాటు నుంచి రెండు నిమిషాల లోపు ఉంటుంది, పోతుంది. మళ్లీ వస్తుంది. మొహం కడుక్కుంటే, పళ్లు తోముకుంటే, మాట్లాడితే, ముద్ద నోట్లో పెడితే, గాలి తగిలినా సరే లేస్తుంది. ఈ జబ్బున్న మనిషిని కాస్త పరికించి చూస్తే తెలిసిపోతుంది. నొప్పి ఎక్కడని అడిగితే చెయ్యి చెంప దాకా తెస్తాడు, ఆనించడు, అంగుళం దూరంలో ఆపేస్తాడు. రైలు పెట్టెలో కిటికీ సీటు ఖాళీగా ఉన్నా కూర్చోడు. ఒక పక్క గడ్డం గీసుకుని రెండో పక్క వదిలేస్తాడు. మాట నోటి ఓరగా వస్తుంది. అన్నం మానేసి గంజి తాగుతూ చిక్కిపోయి ఉంటాడు. పంటి నొప్పి ఉన్నవాడు చెంపని అరచేత్తో అదిమి పట్టుకుంటాడు. మైగ్రేన్ మనిషి తలకి గుడ్డ బిగించి కట్టుకుంటుంది. ఇతను మాత్రం ఏదీ తగలనివ్వడు.

దీనికి ముందుగా ఇచ్చే మందు కార్బమజెపిన్. చాలామందికి మొదట్లో బాగా పనిచేస్తుంది. చిక్కేమిటంటే అది మూర్ఛకీ వాడే మందు. షాపులో ఎవరో ‘ఇది ఫిట్స్ మాత్ర కదా’ అంటారు, ఇంటికొచ్చి మానేస్తారు. మైగ్రేన్ రాకుండా ఇచ్చే ప్రొప్రానలాల్‌ని బీపీ మాత్ర అనీ, అమిట్రిప్టిలిన్‌ని మనోవ్యాధి మాత్ర అనీ ఇలాగే మానేసినవాళ్లున్నారు. ఒకే మందు రెండు మూడు జబ్బులకి పనికొస్తుంది, డోసు వేరు. అనుమానం ఉంటే రాసిన డాక్టరునే అడగండి. అలాగని పక్కింటివాళ్ల కార్బమజెపిన్ తెచ్చుకుని వేసుకోకూడదు. చిన్న డోసుతో మొదలుపెట్టి పెంచాలి, రక్తపరీక్షలు చేయిస్తూ ఉండాలి. ఒంటి మీద దద్దుర్లు గానీ నోట్లో పుళ్లు గానీ వస్తే ఆపేసి అదే రోజు డాక్టరు దగ్గరికి వెళ్లాలి. ఒక్కసారి ఎంఆర్‌ఐ కూడా తీయించాలి, రక్తనాళం నాడిని ఒత్తుతోందా, గడ్డ ఏదైనా ఉందా అని చూడటానికి.

పంటి నొప్పి తనను తాను బాగానే పట్టిస్తుంది. చన్నీళ్లు పడ్డాక జివ్వుమనడం అరనిమిషం, నిమిషం దాటి ఉండిపోతే, రాత్రి నిద్రలేపితే, కొరికినప్పుడు ఒకే పన్ను ఎత్తుగా తగిలితే, చిగురు ఉబ్బితే, అది పన్నే. కొరికి వదిలేటప్పుడు చురుక్కుమంటే పన్ను చీలిందేమో చూడాలి. ఎక్స్‌రేలో చీలిక తరచు కనిపించదు. దవడ కీలు, కండరాల నొప్పి పొద్దున్నే ఎక్కువ, నమిలితే పెరుగుతుంది, కణతలు నొక్కితే ‘అదే, అదే నొప్పి’ అనిపిస్తుంది. రాత్రిళ్లు పళ్లు కొరికేవాళ్లు, దిగులుతో దవడ బిగబట్టేవాళ్లు దీన్ని తలనొప్పి అనుకుంటారు. మీ మూడు వేళ్లు నిలువుగా నోట్లో పడుతున్నాయో లేదో చూసుకోండి. పడకపోతే దవడ పట్టేసిందన్నమాట. గుట్కా అలవాటుంటే నోరు గట్టిపడుతోందని కూడా కావచ్చు. క్లస్టర్ తలనొప్పి అరుదు, కానీ ఒక్కసారి చూస్తే మరవలేం. కంటి చుట్టూ, పై దవడలో దారుణమైన పోటు, 15 నిమిషాల నుంచి 3 గంటలు, చాలామందికి రాత్రి ఒకే వేళకి. ఆ కన్నే ఎర్రబడి నీళ్లు కారుతుంది. మైగ్రేన్ మనిషి కదలకుండా పడుకుంటే ఇతను పడుకోలేక పెరట్లో అటూ ఇటూ తిరుగుతాడు. ఆసుపత్రిలో మాస్కుతో ఆక్సిజన్ ఎక్కువగా పెడితే చాలామందికి పావుగంటలో దిగుతుంది.

మన ప్రాంతంలో వీటన్నిటికన్నా ముందు చూడాల్సింది ఇంకొకటుంది. అడ్డపొగ. చుట్ట వెలిగిన కొస నోట్లో పెట్టుకుని తాగే అలవాటు, ముఖ్యంగా పెద్ద వయసు ఆడవాళ్లలో. ప్రపంచ వైద్యం దీన్ని తెలుసుకున్నది చాలావరకు మన పల్లెల నుంచే. డెన్మార్క్‌కి చెందిన పిండ్‌బోర్గ్, మన దేశానికి చెందిన ఫలీ మెహతా, ప్రకాశ్ గుప్తా ప్రభృతులు శ్రీకాకుళం జిల్లా గ్రామాల్లో 10,169 మంది నోళ్లు పరీక్షించి, అంగిలి మీద వచ్చే మార్పుల గురించి 1971లో బ్రిటిష్ జర్నల్ ఆఫ్ క్యాన్సర్‌లో రాశారు. అప్పటికి చీపురుపల్లి తాలూకా కూడా శ్రీకాకుళం జిల్లాలోనే ఉండేది. విజయనగరం జిల్లా ఏర్పడింది 1979లో. అడ్డపొగ వల్ల అంగిలి మీద తెల్లటి పొరలు, ఎర్రటి మచ్చలు, కొందరిలో క్యాన్సరు వస్తాయని అప్పటి నుంచి పుస్తకాల్లో ఉంది.

తలనొప్పుల అధ్యాయంలో ఇది ఎందుకంటే, అంగిలి క్యాన్సరు మొదట్లో తరచు నొప్పి పుట్టించదు. నొప్పి పుట్టి చెంపకీ కంటికీ పాకేసరికి ఆలస్యమై ఉంటుంది. కాబట్టి మీ ఇంట్లో అడ్డపొగ తాగే అమ్మమ్మో అత్తో ‘ముఖం నొప్పెడతంది’ అంటే మాత్ర చేతిలో పెట్టకండి. కట్టుడు పళ్లుంటే తీయించి, ఎండలో కూర్చోబెట్టి, తల వెనక్కి వాల్చమని, ఫోను టార్చి వేసి అంగిలి చూడండి. రెండు వారాలు దాటినా మానని పుండు, ఎర్రటి మచ్చ, కారణం లేకుండా కదిలే పై పన్ను, చెంపలో తిమ్మిరి, ఇందులో ఏది కనిపించినా మరో వారం ఆగొద్దు. భీమిలి దగ్గర సంగివలస దంత వైద్య కళాశాలలో గానీ, ఇంకే దంత కళాశాలలో గానీ ‘ఓరల్ మెడిసిన్’ విభాగం ఎక్కడని అడిగి వెళ్లండి. నోటి మచ్చలూ, అంతుచిక్కని ముఖం నొప్పులూ చూసేది ఆ విభాగమే. ముక్క తీసి పరీక్ష చేస్తే తేలుతుంది. క్యాన్సరని తేలితే విశాఖపట్నం అగనంపూడిలో టాటా వారి హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉంది. అలాగని చుట్ట తాగిన ప్రతి మనిషి ముఖం నొప్పీ క్యాన్సరు కాదు. వాళ్లకీ మైగ్రేన్ వస్తుంది, వాళ్లకీ పళ్లు పుచ్చుతాయి. ముందు నోరు చూసి, తర్వాత మిగతావి ఆలోచించమంటున్నాను, అంతే.

మాత్రల సంగతి. నొప్పి మాత్రలే తలనొప్పి తెచ్చిపెడతాయంటే నమ్మరు గానీ నిజం. ముందే తలనొప్పుల మనిషి అయి ఉండి, పారాసెటమాల్ లాంటి మామూలు మాత్రలు నెలకి 15 రోజులు, రెండు మూడు మందులు కలిపిన మాత్రలైతే 10 రోజులు, మూడు నెలలు దాటి వాడితే తల దాదాపు రోజూ నొప్పెట్టడం మొదలవ్వొచ్చు. మన ఇళ్లలో కెఫీన్ కలిసిన మాత్ర చక్కెర డబ్బా పక్కనే ఉంటుంది. అమృతాంజనం రాసుకున్నా పోయేదేమీ లేదు. 1893 నుంచీ తెలుగువాళ్ల నుదుటి మీద ఉన్న సరుకు అది. మాత్ర అలా కాదు, లెక్క ఉండాలి.

ఆ లెక్క రాయడానికి డైరీ కొనక్కర్లేదు. పాల లెక్క రాసే గోడ కేలండరు చాలు. నొప్పి వచ్చిన రోజు గడిలో ఇలా రాసుకోండి: ‘పొ. 9, కుడి పైదవడ, రాత్రి దాకా. వాంతి. చీకట్లో పడుకున్నా. మాత్ర 1.’ లేదా ‘మొహం కడిగితే షాకు, 10 సార్లు, క్షణమే.’ నెలసరి తేదీకి చుక్క పెట్టండి. ఉపవాసం ఉన్న రోజు, రాత్రి నిద్ర లేని రోజు, ఎండలో తిరిగిన రోజు కూడా. రెండు నెలల కాగితాలు చింపి పట్టుకెళ్తే నెల్లిమర్ల మిమ్స్‌లో గానీ, విశాఖ కేజీహెచ్ న్యూరాలజీ ఓపీలో గానీ మీకు దొరికే నాలుగైదు నిమిషాలూ అసలు పనికే సరిపోతాయి. కర్ణాటకలో చేసిన ఒక సర్వేలో నూటికి పాతికమందికి ఏడాదిలో మైగ్రేన్ కనిపించింది. మన దగ్గర ఓపీ వరస అంత పొడుగ్గా ఉండటానికి అదీ ఒక కారణం అయ్యుండొచ్చు.

కొన్నిటికి కేలండరు కోసం ఆగకూడదు. నిమిషంలో శిఖరానికి చేరే, జీవితంలో ఎన్నడూ ఎరగనంత తలనొప్పి. జ్వరంతో మెడ బిగుసుకోవడం. మాట, చెయ్యి, కాలు తడబడటం. యాభై దాటినవాళ్లకి కొత్తగా కణత నొప్పి వచ్చి, నాలుగు ముద్దలు నమిలేసరికి దవడ అలసిపోతుంటే ఆ రోజే చూపించుకోవాలి. రక్తనాళాల వాపు అయితే చూపు పోవచ్చు. నడిస్తే లేచి, నిలబడితే తగ్గే దవడ నొప్పి, చెమటలు, ఆయాసం: ఇది గుండె. 108కి ఫోను చేయండి.

చివరగా పళ్ల డాక్టరు కుర్చీలో కూర్చున్నప్పుడు. ‘ఈ పన్నే అని దేన్ని బట్టి తెలిసింది బాబూ?’ అని అడగడంలో అగౌరవం లేదు. తట్టి చూశారా, చల్లదనానికి చూశారా, ఎక్స్‌రేలో ఏం కనిపించింది అని అడగండి. సందేహం ఉంటే ఆ పన్నుకి మత్తు సూది ఇచ్చి నొప్పి ఆగుతుందేమో చూడొచ్చు. ఆగకపోతే పీకినా ఆగదు. ఆగినంత మాత్రాన పన్నే అని కూడా ఖాయం కాదు. ఏ పరీక్షా ఆ పన్నుని పట్టివ్వకపోతే, పీకడం వాయిదా వేయమనండి. మంచి డాక్టరు సంతోషిస్తాడు.

పరీక్షలన్నీ పన్నునే చూపిస్తే మాత్రం ఈ అధ్యాయం చదివానని చెప్పి మైగ్రేన్ అంటూ ఇంట్లో కూర్చోకండి. రూట్ కెనాలో, పీకడమో ఆ వారంలోనే చేయించుకోండి. దవడ కింద వాపు మెడ దాకా దిగి, నోరు తెరుచుకోక, ఉమ్మి మింగుడుపడకపోతే అది రాత్రి అయినా, జాతర రోజు అయినా ఆసుపత్రికే.